వీరగల్లులు: రాతిలో నిలిచిన జ్ఞాపకము

గతించినవారిని మరువకుండుట మానవజాతి లక్షణములలో ఒకటి. ఇతర ప్రాణులు కూడ తమ తోడివానిని కోల్పోయినపుడు కొంతకాలము కలత చెందవచ్చును. కాని పోయినవాని పేరును, వాడు చేసిన పనిని తరువాతి తరములవారికి తెలియునట్లు ఒక గుర్తు నిలుపునది మనుష్యుడు మాత్రమే. అట్టి గుర్తులలో మన దక్షిణదేశమున మిక్కిలి ప్రసిద్ధమైనవి వీరగల్లులు.

‘వీరగల్లు’ అనగా వీరుని రాయి. ‘కల్లు’ అను పదమునకు రాయి అను అర్థము ప్రాచీనమైనది. ‘ఒరుకల్లు’ అనగా ఒంటిరాయి. ఆ పేరే ఓరుగల్లు అయినది. సంస్కృతమున ఆ నగరమును ఏకశిలానగరమనుటకు కారణమిదే. కన్నడమున వీరగల్లు, తమిళమున ‘నడుకల్’ అను మాటలలోని ‘కల్’ కూడ ఇదియే. తమిళ పదమునకు నాటిన రాయి అని అర్థము. గుజరాతులో ఇట్టి రాళ్ళను ‘పాళియా’ అందురు.

పట్టిసీమ నుండి చూచినచో

రాజమహేంద్రవరమునకు ఎగువను, పోలవరమునకు సమీపమున, గోదావరి నడుమ దేవకూటమను కొండపై పట్టిసీమ వీరభద్రాలయము కలదు. దక్షయజ్ఞమును ధ్వంసము చేసిన వీరభద్రుడు తన ఆయుధమైన పట్టిసమును ఇచ్చట గోదావరిలో కడిగెనని, అందుచే ఈ స్థలమునకు ఆ పేరు వచ్చెనని స్థలపురాణము. వీరత్వమును దైవముగా కొలుచు సంప్రదాయము ఈ నదీతీరమున ఎంత గాఢముగా నాటుకొన్నదో దీనివలన ఊహింపవచ్చును. గోదావరి జిల్లాలలో కొన్ని కుటుంబములవారు పెండ్లి మొదలగు శుభకార్యములకు ముందు, తమ ఇంట గతించినవారిని వీరభద్ర రూపమున తలచుకొని ‘సంబరము’ జరుపుదురు. వీరనాట్యము కూడ ఈ ఆరాధనతో ముడిపడిన కళయే.

అయినను, చెక్కిన వీరశిలలు గుంపులు గుంపులుగా కనిపించునది డెల్టాలో కాదు. అవి రాయలసీమలో, పలనాటిలో, తెలంగాణములో అధికము. దీనికి ఒక కారణమును భూగర్భశాస్త్రములోనే వెదుకవచ్చును. డెల్టా భూమి నది మోసుకొని వచ్చిన ఒండ్రుమట్టితో ఏర్పడినది. అందు త్రవ్వినచో మట్టి, ఇసుక దొరకునే కాని రాయి దొరకదు. ఆలయమునకు కావలసిన రాయిని దూరము నుండి తెప్పింపగలరు గాని, ఊరి పసులను కాపాడి ప్రాణము విడిచిన ఒక సామాన్యునికై పల్లెవారు రాతిని మోయించుట సులభము కాదు. రాయలసీమలో అట్లు కాదు. ఊరి ప్రక్కనే గ్రానైటు గుట్ట ఉండును. రెండవ కారణము జీవనవిధానము. మెట్టసీమలలో పశుసంపదయే ముఖ్యమైన ఆస్తి. దానికై పోరాటములు తరచు జరిగెడివి. పోరాటములు జరిగిన చోట వీరులు పుట్టుదురు.

డెల్టావాసులు తమవారిని మరచిరని దీని భావము కాదు. వారు జ్ఞాపకమును మరియొక విధముగా నిలిపిరి. ద్రాక్షారామ భీమేశ్వరాలయపు గోడలపైన, స్తంభములపైన వందలకొలది శాసనములు కలవు. వాటిలో పెక్కింటిలో అఖండదీపములకు చేసిన దానములు వ్రాయబడియున్నవి. తల్లికో, తండ్రికో, సోదరునికో పుణ్యముగా దీపము పెట్టించి, దాని నేతికై గొర్రెలనో ఆవులనో ఇచ్చుట ఆనాటి ఆచారము. ఒకచోట రాయి, ఇంకొకచోట దీపము. రెండింటి ఉద్దేశ్యము ఒక్కటే.

రాతి నిర్మాణము: మూడు అరల కథ

వీరగల్లులలో అతి సామాన్యమైనవి ఒకే బొమ్మ కలవి. కత్తియు డాలును, లేక విల్లును బాణమును ధరించిన మనిషి బొమ్మ, దానిపై రెండు మూడు పంక్తుల వ్రాత. పెద్ద వీరగల్లులు మూడు అరలుగా విభజింపబడి ఉండును. వీటిని క్రింది నుండి పైకి చదువవలెను.

క్రింది అరలో వీరుడు మరణించిన ఘట్టము ఉండును. గుఱ్ఱములు, శత్రువులు, ఒక్కొక్కప్పుడు పసుల మంద కనిపించును. మంద ఉన్నచో అది గోగ్రహణమున, అనగా పసులను తోలుకొనిపోవు దొంగలను ఎదిర్చిన పోరున జరిగిన మరణమని గ్రహింపవచ్చును. విరాటపర్వములోని దక్షిణ, ఉత్తర గోగ్రహణముల కథ విద్యార్థులకు తెలిసినదే. అది కేవలము కావ్యకల్పన కాదనియు, నిత్యజీవితమున అట్టివి జరుగుచుండెడివనియు ఈ రాళ్ళు సాక్ష్యమిచ్చుచున్నవి.

నడిమి అరలో వీరుని అప్సరసలు చేతులు పట్టుకొని పైకి తీసికొనిపోవుచుందురు. పై అరలో వీరుడు శివలింగము ముందర గాని, తన ఇష్టదైవము ముందర గాని కూర్చుండి ఉండును. అన్నింటికంటె పైన సూర్యుడు, చంద్రుడు చెక్కబడి ఉందురు. ఆ రెండును ఉన్నంతకాలము ఈ కీర్తి నిలుచుగాక అని వాటి భావము. చదువురానివాడు కూడ ఈ కథను చదువగలడు. ఇదియే ఈ శిల్పము యొక్క గొప్పతనము.

అన్ని స్మారకశిలలు యుద్ధవీరులవి కావు. కొన్నింటిపై మోచేతివద్ద వంగి పైకెత్తిన ఒక చేయి, దానికి గాజులు కనిపించును. అవి భర్తతో సహగమనము చేసిన స్త్రీలకు నిలిపిన రాళ్ళు. కన్నడమున వీటిని ‘మాస్తిగల్లు’ అందురు. మన పల్లెలలో ఇట్టి స్త్రీలను పేరంటాలుగా కొలుచుట కలదు. మద్రాసు రాజధానిలో సహగమనము 1830లో నిషేధింపబడినది. 1987 నాటి చట్టము దానిని కీర్తించుటను కూడ నేరముగా నిర్ణయించినది. కాబట్టి ఈ రాళ్ళను మనము పొగడుటకు కాక, అప్పటి స్త్రీల బ్రతుకు ఎట్టిదో తెలిసికొనుటకై చదువవలెను. రాయి నిజము చెప్పును. మంచిచెడ్డలను నిర్ణయించుకొనవలసినది మనమే.

మరికొన్ని రాళ్ళు దైవమునకు తమ శిరస్సునే సమర్పించుకొన్నవారివి. శ్రీశైలమున అట్టి భక్తులకై కొండవీటి రెడ్డిరాజైన అనవేమారెడ్డి వీరశిరోమండపమును కట్టించినట్లు 1378 ప్రాంతపు శాసనము వలన తెలియుచున్నది.

వీరులు మనుష్యులే కానక్కరలేదు. కర్ణాటకములోని మండ్య జిల్లా ఆతకూరులో దొరకిన ఒక శాసనశిల క్రీ.శ. 949–50 నాటిది. దానిపై ఒక కుక్కయు అడవిపందియు పోరాడుచున్న శిల్పము కలదు. ఆ కుక్క పేరు కాళి. పందితో పోరాడి రెండును మరణింపగా, యజమాని తన కుక్కకై ఆ రాతిని నిలిపెను. అది నేడు బెంగుళూరు ప్రదర్శనశాలలో ఉన్నది. తమిళనాడులోని అరసలాపురమున పందెపు కోడికి నిలిపిన రాయి కూడ కలదు. అది సుమారు 5, 6 శతాబ్దముల నాటిది. సంక్రాంతి పందెములు ఎరిగిన గోదావరివాసులకు ఇది వింతగా తోచకపోవచ్చును.

ఆంధ్రదేశమున వీరశిలల చరిత్ర

ఈ ఆచారము ఎప్పుడు పుట్టినది? చెక్కడము లేని నిలువురాళ్ళను చనిపోయినవారికై నాటుట ఇనుపయుగమునాటికే ఉన్నది. గోదావరి పరీవాహక ప్రాంతమున, తెలంగాణములోని జానంపేట, తాడ్వాయి, దామరవాయి మొదలగు చోట్ల పెద్ద పెద్ద రాతిపలకలతో కట్టిన సమాధులు కలవు. జానంపేట, కాటాపురము, మల్లూరు ప్రాంతములలో ఈ సమాధుల దగ్గర చేతులు చాచినట్లుండు ఏకశిలలు నిలిచియున్నవి. 1868లో మల్హెరన్ అను నతడు వీటిని గూర్చి తెలియజేసెను. 1872లో ఫెర్గూసన్ తన గ్రంథమున వీటి బొమ్మలు ప్రకటించెను. వాటి రూపమును చూచి క్రైస్తవ శిలువలని కొందరు తలంచిరి. కాని వాటిలో కొన్నింటిపై తల, స్తనములు స్పష్టముగా కనిపించుచున్నవి. అవి నిలిచిన చోటు సమాధుల నడుమ. కావున అవి గతించినవారిని సూచించు మానవాకృతులని నేటి పరిశోధకుల అభిప్రాయము. ఒక వస్తువును దాని పరిసరముల నుండి వేరుచేసి చూచినచో ఎట్టి పొరపాటు కలుగునో ఈ ఉదాహరణ తెలుపుచున్నది.

వ్రాతతో కూడిన స్మారకశిలలలో అతి ప్రాచీనమైనవి తమిళదేశమున దొరకినవి. 2006లో తేని జిల్లా పులిమాన్‌కొంబై గ్రామమున బయటపడిన రాళ్ళు తమిళ బ్రాహ్మీ లిపిలో ఉన్నవి. అవి క్రీస్తుపూర్వ కాలమునకు చెందినవి. అందొకటి పసులకై జరిగిన పోరులో మడిసిన వానిది.

ఆంధ్రదేశమున క్రీ.శ. 3వ శతాబ్దపు ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, అనగా నాగార్జునకొండ, ఈ చరిత్రలో ముఖ్యస్థానము. అచ్చటి స్మారకములను ‘ఛాయాఖంభము’లని శాసనములు పేర్కొనుచున్నవి. ఛాయ అనగా నీడ, ప్రతిబింబము. మనిషి పోయినను అతని నీడ స్తంభమున నిలిచినదని అర్థము. ఇక్ష్వాకు వంశ స్థాపకుడైన శాంతమూలుని ఛాయాస్తంభమును అతని కుమారుడు వీరపురుషదత్తుని 20వ పాలనాసంవత్సరమున రాజకుటుంబ స్త్రీలు నిలిపిరి. రాజుల కొరకే కాక, సేనానులకు, యుద్ధమున మడిసిన భటులకు, ఒక శిల్పికి సైతము అచ్చట ఛాయాస్తంభములు కలవు. శిల్పికి కూడ స్మారకము లభించిన దేశము మనది.

8 నుండి 10వ శతాబ్దము వరకు రాయలసీమలో బాణులు, వైదుంబులు, నొళంబులు మొదలగు రాజవంశములు ఎడతెగక పోరాడినవి. 9వ శతాబ్దపు సోరెమడి యుద్ధమును గూర్చి ఏ కావ్యమును మనకు మిగులలేదు. చిత్తూరు, అనంతపురము ప్రాంతముల వీరగల్లులే ఆ యుద్ధమునకు సాక్ష్యములు. ఊరూరను నిలిచిన ఆ రాళ్ళను ఒకచోట చేర్చి చదివినప్పుడే ఆ యుద్ధపు విస్తీర్ణము తెలిసినది.

పలనాటి కథ వేరు. 1182 ప్రాంతమున నాగులేటి ఒడ్డున కారెంపూడివద్ద జరిగిన యుద్ధమున మరణించిన వీరనాయకులు అరువదియార్గురని ప్రతీతి. వారి గుర్తుగా లింగాకారపు రాళ్ళు కారెంపూడి వీరులగుడిలో కలవు. ప్రతి కార్తీకమాసాంతమున అచ్చట అయిదు దినములు ఉత్సవము జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను పేర్లతో ఒక్కొక్క దినము యుద్ధకథలోని ఒక్కొక్క ఘట్టమును స్మరింతురు. వీరుల ఆయుధములుగా భావింపబడు కొణతములను వివిధ గ్రామముల నుండి తెత్తురు. ఇచ్చట రాయి, పాట, ఉత్సవము మూడును కలిసి ఎనిమిది శతాబ్దములుగా జ్ఞాపకమును నిలుపుచున్నవి.

రాతికి కాలమును నిర్ణయించుట ఎట్లు?

రాయి ఎంత పాతదో పరీక్షించిన లాభము లేదు. రాయి కోట్ల సంవత్సరముల నాటిది. మనకు కావలసినది చెక్కిన కాలము. శాసనమున శకసంవత్సరము ఉన్నచో పని సులభము. దానికి 78 కలిపినచో ఉజ్జాయింపుగా క్రీస్తుశకము వచ్చును. తిథి, వారము, గ్రహణము చెప్పబడియున్నచో జ్యోతిర్గణితముతో సరిచూడవచ్చును. కేవలము రాజు పేరును, పాలనాసంవత్సరమును ఉన్నచో ఇతర శాసనములతో పోల్చవలెను. ఏ తేదియు లేనిచో లిపియే ఆధారము. తలకట్టు, అక్షరముల వంపులు ప్రతి రెండు మూడు శతాబ్దములకు మారుచు వచ్చినవి. వ్రాతయే లేనిచో ఆయుధములు, ఆభరణములు, తలముడి, గుఱ్ఱపు జీను మొదలగువానిని బట్టి ఊహింతురు.

అరిగిపోయిన అక్షరములను చదువుటకు శాసనపరిశోధకులు ‘ఎస్టాంపేజి’ అను అచ్చు తీయుదురు. రాతిని మెత్తని కుంచెతోను నీటితోను శుభ్రపరచి, తడిపిన కాగితమును పరచి, కుంచెతో మెల్లగా మోదుదురు. కాగితము అక్షరపు గాళ్ళలోనికి దిగును. పిదప సిరా అద్దినచో పైభాగము నల్లబడి, అక్షరములు తెల్లగా నిలుచును. ఇది శిక్షణ పొందినవారు చేయవలసిన పని.

విద్యార్థులు రాతిని తాకకయే చేయదగిన ప్రయోగము ఒకటి కలదు. సాయంకాలము చీకటి పడిన తరువాత బ్యాటరీ దీపమును రాతికి ఎదురుగా కాక, ప్రక్క నుండి, రాతితలమునకు దాదాపు ఆనించినట్లు పట్టి చూడుడు. పగలు కనపడని గీతలు స్పష్టముగా కనిపించును. కారణము సులభము. గాడి లోతును కాంతి పడు కోణపు ‘టాంజెంటు’తో భాగించినచో నీడ పొడవు వచ్చును. గాడి లోతు 1 మిల్లీమీటరు అనుకొందము. కాంతి 60 డిగ్రీల కోణమున పడినచో నీడ సుమారు 0.6 మిల్లీమీటరు. 10 డిగ్రీల కోణమున పడినచో సుమారు 5.7 మిల్లీమీటర్లు. అనగా ఇరుకైన గాడి అంతయు నీడతో నిండిపోవును. ఈ సూత్రము పైననే నేటి ఫోటోగ్రాఫిక్ పద్ధతులు కొన్ని ఆధారపడియున్నవి. అట్లే ఒక రాతిని పలువైపుల నుండి తీసిన ఛాయాచిత్రములను కంప్యూటరుతో కూర్చి దాని త్రిపరిమాణ రూపమును సిద్ధపరుపవచ్చును. బెంగుళూరులోని మిథిక్ సొసైటీ ఆ నగరపు శాసనములను ఈ విధముగా స్కానింగు చేయించినది. 2018లో అచ్చటి హెబ్బాళ ప్రాంతమున కాలువ పనులలో బయటపడిన కిట్టయ్య అను వీరుని రాయి సుమారు క్రీ.శ. 750 నాటిదని తెలిసినది.

రాయి కూడ అరిగిపోవును

‘రాతిమీద వ్రాత’ శాశ్వతమని మనము అందుము. రసాయనశాస్త్రము అట్లు చెప్పదు. పాపికొండలు మొదలు తూర్పుకనుమలలో విరివిగా ఉండు ఖోండలైటు రాతిలో గార్నెటు, సిల్లిమనైటులతోపాటు ఫెల్‌స్పారు కలదు. నీరు తగిలినపుడు ఫెల్‌స్పారు క్రమముగా తెల్లని బంకమట్టిగా మారును. దానితో మిగిలిన ఖనిజముల పట్టు సడలి రాయి పొడిపొడిగా రాలును. నాగార్జునకొండ శిల్పములకు వాడిన సున్నపురాయి వేరొక విధముగా నశించును. వానచినుకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని బలహీనమైన ఆమ్లమగును. అది సున్నపురాతిని కొద్దికొద్దిగా కరిగించును. గ్రానైటు కొంత గట్టిది. అయినను ఎండకు వ్యాకోచించి, చలికి సంకోచించి, ఉల్లిపొరలవలె పెచ్చులూడును.

అయితే వానకంటె, ఎండకంటె వేగముగా పనిచేయునది మనుష్యుని అజాగ్రత్త. చాకిరేవు బండగా, ఇంటి మెట్టుగా, కాలువ వంతెనకు పలకగా మారిన శాసనశిలలు ఎన్నో కలవు. భక్తితో పూసిన రంగు, సున్నము కూడ అక్షరములను కప్పివేయును.

నీటి క్రిందికి పోవు చరిత్ర

పెద్ద ఆనకట్టలు కట్టినపుడు ఈ సమస్య తీవ్రమగును. నాగార్జునసాగరమునకు 1955లో శంకుస్థాపన జరుగుటకు ముందే, 1954లో, పురావస్తు శాఖవారు లోయలో త్రవ్వకములు ప్రారంభించి 1960 వరకు సాగించిరి. ముఖ్యమైన కట్టడములను ఎత్తైన స్థలములకు తరలించి మరల నిర్మించిరి. ఛాయాస్తంభములను కొండపై ప్రదర్శనశాలలో భద్రపరచిరి. ఆ ఆరేండ్ల శ్రమయే లేకున్నచో మన తొలి స్మారకస్తంభములు జలాశయమున కలిసిపోయెడివి. శ్రీశైలము జలాశయము వచ్చినపుడు కూడవెల్లి సంగమేశ్వరాలయమును అలంపురమునకు తరలించిరి.

నేడు అదే ప్రశ్న గోదావరి ఒడ్డున నిలిచియున్నది. పట్టిసీమవద్ద 2015లో ప్రారంభమైన ఎత్తిపోతల పథకము గోదావరి నీటిని కృష్ణకు పంపుచున్నది. దానికి ఎగువను నిర్మాణములో ఉన్న పోలవరము జలాశయపు పూర్తి నీటిమట్టము 150 అడుగులు. దానివలన మూడువందల డెబ్బదికి పైగా ఆవాసములు ముంపునకు గురియగును. ముంపు ప్రాంతములోని రుద్రమకోటవద్ద జరిపిన త్రవ్వకములలో ఇనుపయుగపు సమాధులు బయటపడినవి. ఈ ప్రాంతములో కోయలు, కొండరెడ్లు తరతరములుగా నివసించుచున్నారు. చనిపోయినవారికై రాయి నిలుపు ఆచారము కోయలకును, వారికి దగ్గరివారైన బస్తరు గోండులకును కలదు. గోండులు దానిని ‘ఉరస్కల్’ అందురు. అందులోని ‘కల్’ కూడ మన కల్లే.

డెల్టాకును, కృష్ణకును నీరు అవసరము; అందు సందేహము లేదు. కాని ఇల్లు వదలి పోవువానికి ప్రభుత్వము ఇల్లు కట్టించి ఇయ్యగలదు గాని, తాత పేర నాటిన రాతిని మరల కట్టించి ఇయ్యజాలదు. రాతిని మోసికొనిపోయినను, అది నిలిచిన చోటు, దాని దిక్కు, దాని ప్రక్కనున్న చెట్టు, దానితో చెప్పుకొను కథ ప్రక్కన వ్రాసిపెట్టకున్నచో అది మూగదగును. గోదావరి ‘శిలువ’ల ఉదంతము మనకు నేర్పిన పాఠమిదే.

పాఠశాలలు చేయదగిన పని

ప్రతి ఉన్నత పాఠశాల తన చుట్టునున్న గ్రామములలోని పాతరాళ్ళ పట్టికను తయారు చేయవచ్చును. రాయి ఉన్న చోటు, ఎత్తు, వెడల్పు, మందము, అది చూచు దిక్కు, రాతిజాతి, దానిపై గల బొమ్మలు, ఊరివారు దానికి పెట్టిన పేరు, చెప్పు కథ — ఇవి వ్రాసికొనవలెను. కొలబద్దను ప్రక్కన నిలిపి ఛాయాచిత్రము తీయవలెను. పూజలో ఉన్న రాయి అయినచో ముందుగా ఊరి పెద్దల అనుమతి పొందవలెను. ఇనుపకుంచెతో గీకుట, ఆమ్లముతో కడుగుట, అక్షరములకు సుద్దముక్కతో రంగు వేయుట ఎంతమాత్రము కూడదు. రాతిని కదలింపరాదు. వ్రాత ఉన్నచో రాష్ట్ర పురావస్తు శాఖకు తెలుపవలెను. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పురావస్తు చట్టము అట్టి వాటి రక్షణకై ఏర్పడినదే. 1922లో రాజమహేంద్రవరమున ఆంధ్రేతిహాస పరిశోధక మండలిని స్థాపించినవారిలో ఉపాధ్యాయులు, విద్యావంతులైన సామాన్యులు ఉండిరి. ఆ నగరములోని రాళ్ళబండి సుబ్బారావు ప్రదర్శనశాలను చూచు విద్యార్థులకు ఆనాటి కృషి కొంత బోధపడును.

రాజుల చరిత్రను ప్రశస్తులు చెప్పును. పసులను కాచి పడిపోయిన కాపరిని గూర్చి, ఊరికొరకు ఒంటరిగా నిలిచిన భటుని గూర్చి ఏ ప్రశస్తియు లేదు. వారికి ఉన్నది ఒక్క రాయి మాత్రమే. దానిని చదివిననాడు ఆ మనిషి పేరు మరల మన నోట పలుకును. చదువకముందే అది మట్టిలోనో నీటిలోనో కలిసినచో, అతడు రెండవమారు మరణించినట్లే.